ఆ కోన్లు వాడొద్దు

రజియా ఫోను కోసం చెయ్యి చాపింది. మొగుడు సమీవుల్లా ఇవ్వలేదు.

"ఏటి రాసేరో నన్ను సూడనివ్వండి."

"రాయాల్సింది రాసేను. ఇంక ఎవులూ ఆ పేజీ జోలికి పోవద్దు."

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర. చోడవరం బజారులో మిగతా కొట్లన్నీ తెరిచారు. సమీవుల్లా గాజుల కొట్టు షట్టరు మాత్రం దించే ఉంది. కొట్టు వెనక గదిలో నలుగురూ తలో మూలా కూర్చున్నారు. రజియా అత్తగారు ఇష్రత్ మంచం మీద తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటోంది. ఆడపడుచు నిలోఫర్ గోడకి చేరగిలబడి తన ఫోను చూస్తోంది. ఎవరూ టీ తాగలేదు. కాచిన టీ గిన్నెలోనే మీగడ కట్టింది.

నిన్న సాయంత్రం వచ్చిన ఆ వీడియోని వాళ్లు ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. బుచ్చయ్యపేటలో సంధ్యారాణి అనే అమ్మాయికి ఆదివారం తెల్లవారుజామున పెళ్లి. గురువారం మెహందీ పెట్టుకుంది. శుక్రవారానికి రెండు చేతులూ మోచేతుల దాకా బొబ్బలెక్కాయి. ఆస్పత్రి వరండాలో ఆమె అక్క రేవతి ఆ చేతులు చూపిస్తూ ఏడ్చింది. ఆఖర్న ఖాళీ కోను తీసి కెమెరా ముందు పెట్టింది. దాని మీద పచ్చ స్టిక్కరు. రజియా మెహందీ, చోడవరం.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పేరుతో పేజీ తెరిచింది నిలోఫరే. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉండలేక వదిన పెట్టే డిజైన్లు ఫోటోలు తీసి పెట్టడం మొదలుపెట్టింది. రెండేళ్లలో పదకొండు వేలమంది చేరారు. ఇప్పుడు ఆ పదకొండు వేలమందీ తనని వేలెత్తి చూపిస్తున్నట్టుంది ఆ పిల్లకి.

"నేను సదువుతాను భాభీ," అంది నిలోఫర్, అన్న వైపు చూడకుండా. తెల్లారుతూనే అతను ఆ పేజీలో పెట్టిన పోస్టు చదివింది.

'ఆ కోన్ మాది కాదు. మా స్టిక్కర్ అంటించి మా మీద కుట్ర చేస్తున్నారు. ఆ అమ్మాయికి ముందునుంచీ చర్మవ్యాధి ఉందేమో అందరూ ఆలోచించాలి. తప్పుడు ప్రచారం చేసేవాళ్ల మీద కేసు పెడతాం.'

మూడో వాక్యం దగ్గర నిలోఫర్ గొంతు తగ్గిపోయింది.

ఆ మాట ఎందుకు రాశారని రజియా అడిగింది. జనానికి ఇంకో అనుమానం రావాలి కదా, లేకపోతే అందరూ మన వైపే చూస్తారు, అన్నాడు సమీవుల్లా. తిట్టినవాళ్ల కామెంట్లు అరవైదాకా తీసేశాడట. రేవతిని బ్లాక్ చేశాడట. అలా చేస్తే మధ్యాహ్నానికి అంతా చల్లారిపోతుందని మార్కెట్లో ఒక స్నేహితుడు చెప్పాడట.

చల్లారలేదు. ఆ పోస్టునీ, బ్లాక్ చేసినట్టు చూపించే బొమ్మనీ పక్కపక్కన పెట్టి రేవతి ఇంకో వీడియో వదిలింది. మొదటిదాని కన్నా రెట్టింపు మంది చూశారు.

సరిగ్గా తొమ్మిదికి నిలోఫర్ ఫోను టింగుమంది. ఆమె తెర చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటయింది?"

"ఆఫర్ పోస్టు భాభీ. సోమవారమే టైం సెట్ చేసి పెట్టేను. దానంతటదే ఎళ్లిపోయింది."

పేజీలో పూలతో అలంకరించిన పెళ్లికూతురి చేతులు. కింద పెద్ద అక్షరాలతో 'పెళ్లి సీజన్ ఆఫర్. మూడు కోన్లు కొంటే ఒకటి ఉచితం. మీ చేతుల్ని జన్మలో మర్చిపోలేరు.'

దాని కింద నవ్వు బొమ్మలు వరస కట్టాయి. నవ్వుల మధ్య బూతులు. బూతుల మధ్య మతం పేరు ఎత్తిన మాటలు. అవి వచ్చినచోట నిలోఫర్ వేలు గబగబా పైకి జరగడం రజియా గమనించింది. నిలోఫర్ ఆ పోస్టు తీసేసింది. ఈలోపు ఎంతమంది దాచుకున్నారో తెలీదు.

రజియా లేచి ఫ్రిజ్ తలుపు తీసింది.

ఆమె కోన్లు ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంటాయి. ఆకుపొడి, పంచదార, నిమ్మరసం, నీలగిరి తైలం, అంతే. బయట రెండు రోజులుంటే పాడైపోతాయి. ఈ విడతలో మిగిలినవి తొమ్మిది. ఒకటి తీసి మూతి కత్తిరించి, ఎడమ ముంజేతి మీద చిన్న చుక్క పెట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు?" అన్నాడు సమీవుల్లా. అతను కూర్చున్నచోటు నుంచి సగం లేచాడు.

ఆమె వెళ్లి గోడ గడియారం కింద నిలబడింది. గోరింటాకు తన పని తాను నెమ్మదిగా చేసుకుంటుంది. మొదట నారింజ రంగు. ఒక రోజు గడిస్తే ఎరుపు. రెండో రోజుకి గాని ముదరదు. పదిహేనేళ్లుగా ఆమెకి తెలిసింది అదే.

ఇరవై నిమిషాలకి చుక్కని తుడిచింది. కింద చర్మం మీద మసి పూసినట్టు నలుపు.

వాసన చూసింది. నీలగిరి వాసన కాదు.

"ఇది నా కోను కాదు," అంది నెమ్మదిగా. "స్టిక్కరు నాది. లోపలుంది నాది కాదు. ఏటి కలిపేరు?"

తస్బీ ఆగింది.

సమీవుల్లా తలుపు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. తర్వాత కొద్దికొద్దిగా చెప్పాడు. ఈ నెల పదో తారీకున రజియా తండ్రి అల్లాఉద్దీన్‌కి కంటి ఆపరేషన్ అని ఆమె నాలుగు రోజులు అనకాపల్లిలో ఉంది. అప్పుడు ఆర్డర్లు మీద పడ్డాయి. మీ కోను సాయంత్రానికి నల్లగా రాదు, ఫలానావాళ్ల కోను వస్తుంది అని కొట్టుకి వచ్చిన ఆడవాళ్లు అంటుంటే విని విని విసిగిపోయాడు. విశాఖలో జుట్టుకి వేసే నల్లరంగు పొడి కొన్నాడు. ఆకుపొడిలో కలిపి తనే తొంభై కోన్లు చుట్టాడు. రజియా తిరిగొచ్చాక మాత్రం, నీ పద్ధతిలోనే చుట్టానని చెప్పాడు.

"కొంచెమే కలిపేను," అన్నాడు. "నీకు సెప్తే ఒప్పుకోవని తెలుసు."

రజియా నేల మీద కూర్చుంది. ముంజేతిని కొంగుతో గట్టిగా రుద్దుకుంటూనే అడిగింది. తొంభైలో ఎన్ని పోయాయి? తొమ్మిది ఇక్కడున్నాయి. ఎనభై ఒకటి బయట ఉన్నాయి. రేపు ముహూర్తాలు. ఆ లెక్క చెప్పింది నిలోఫరే.

సమీవుల్లా లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాడు. ఈ తొమ్మిదీ కాలవలో పడేస్తే అయిపోతుందన్నాడు. ఎవరొచ్చి అడిగినా మా దగ్గర ఆ సరుకు లేదని చెప్పొచ్చన్నాడు. రజియా అతనికన్నా ముందు జరిగి ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. లేవలేదు. అతను ఆమెని జరపడానికి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి వైపు ఆమె చూసిన చూపుకి తీసేశాడు.

"ఇంకెవరి సేతులో కాలిపోతన్నాయి. మీరు కోన్లు దాస్తానంటన్నారు."

అప్పటిదాకా ఊరుకున్న ఇష్రత్ మాట్లాడింది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. ఇప్పుడూ పెంచలేదు.

"నువ్వు ఒప్పుకున్నావనుకో అమ్మా. ఒక ఇంటోళ్లు సేసిన తప్పని ఎవులూ అనరు. అందరిదీ అంటారు. మన ఈదిలో ఎన్ని ఇళ్లున్నాయి? ఆ టైలరింగ్ సేసుకునేవోడేటి సేసేడు, ఆ పళ్లబండి ముసలాయనేటి సేసేడు? ఆళ్లందరి మీదా పడతాది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరి సేతా ఒక మాట పడలేదు. నన్ను ఇప్పుడు భయపెట్టకు."

ఆ భయం రజియాకీ ఉంది. నిలోఫర్ వేలు గబగబా జరిగినప్పుడే మొదలైంది. వీధిలో ఒక ఆటో వచ్చి కొట్టు ముందు ఆగింది. నలుగురూ తలుపు వైపు చూశారు. ఆటో మళ్లీ కదిలి వెళ్లిపోయింది.

"ఆ అమ్మాయి ఇంటికి ఫోను సెయ్యి నిలోఫర్," అంది రజియా.

ఆర్డర్ల వాట్సాప్‌లో రేవతి నంబరుంది. సమీవుల్లా వద్దన్నాడు. మన నోటితో ఒక్క మాటన్నా అది రికార్డు చేస్తారు, అన్నాడు. రజియా ఫోను తీసుకుని వంటింట్లోకి నడిచింది. ఎత్తింది రేవతి కాదు. వయసు మీరిన ఆడగొంతు.

"నాను సంధ్యారాణి అమ్మని. అచ్చియ్యమ్మని. నువ్వెవరివి?"

రజియా పేరు చెప్పింది. అవతల గొంతు తిడుతుందని కాచుకుంది. తిట్టలేదు.

"పొద్దున పెళ్లికొడుకు మేనమామ వచ్చేడమ్మా. మీరు ఫోన్లో రాసింది సూపించేడు. కొట్టోళ్లే సెప్తన్నారు, మీ ఆడగుంటకి సర్మరోగం ఉన్నాదట, దాచిపెట్టి మా నెత్తిన రుద్దుతన్నారు, అన్నాడు. మా ఆయన ఆడి సేతులు పట్టుకున్నాడు. నువ్వు సెప్పు. మా గుంటకి రోగం ఉన్నాదా?"

"లేదమ్మా. ఆ కోను మాదే. దాన్లో కలపకూడనిది కలిసింది."

"ఆ మాట నాకెందుకు సెప్తన్నావు? నాకు తెలీదేటి నా గుంట సంగతి. ఎక్కడ రోగం అని రాసేరో అక్కడే సెప్పండి."

ఫోను పెట్టేసింది. ఏడేళ్ల కూతురు అఫ్రీన్‌ని నిన్ననే అనకాపల్లిలో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. పంపడం ఎంత మంచిదైందో అనుకుంది రజియా. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

గదిలోకి వచ్చి నిలోఫర్ పక్కన కూర్చుంది. రాయమంది.

నిలోఫర్ మొదట క్షమించండి అని రాసింది. రజియా చెరిపించింది.

"అది తరవాత. ముందు వాడొద్దని రాయి. మన క్షమాపణ సదివేలోగా ఎవరో ఒకరు పెట్టేసుకుంటారు."

సమీవుల్లా అడ్డం వచ్చాడు. క్షమించమంటే తప్పు ఒప్పుకున్నట్టే, పోలీసుస్టేషనులో ఆ పోస్టే ముందు పెడతారు, అన్నాడు. రెండు రోజులు మాట్లాడకుండా ఉందాం, ఇంకో వీడియో వస్తుంది, జనం దాని మీద పడతారు, అన్నాడు. లేదంటే ఏమీ తెలీదని రాయమన్నాడు. అతని గొంతులో కోపం లేదు. భయమే ఉంది. రజియాకి అది ఇంకా కష్టమనిపించింది. కోపమైతే ఎదురు తిరగొచ్చు.

"ఏటి కలిసిందో రాయకపోతే డాక్టరు ఏ మందు రాస్తాడు?" అంది.

పది ఇరవైకి పోస్టు తయారైంది. నిలోఫర్ పైకి చదివింది.

'పచ్చ స్టిక్కరున్న మా మెహందీ కోన్లు ఎవరూ వాడొద్దు. ఈ నెల పదో తారీకు తర్వాత కొన్నవన్నీ. చేతికి పెట్టుకుని ఉంటే ఇప్పుడే కడిగేయండి. దురద గాని మంట గాని ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కోన్‌లో జుట్టుకి వేసే నల్లరంగు కలిసిందని డాక్టరుకి చెప్పండి. బుచ్చయ్యపేట అమ్మాయి పెట్టుకున్నది మా కోనే. ఆమెకి ఏ జబ్బూ లేదు. పొద్దున్న మేం పెట్టిన పోస్టు అబద్ధం. ఆ అమ్మాయినీ, వాళ్ల ఇంటివాళ్లనీ, మీ అందర్నీ క్షమాపణ అడుగుతున్నాను. ఎంతమందికి ఇలా అయిందో మాకింకా తెలీదు. తెలిసినది తెలిసినట్టు ఇక్కడే చెబుతాను. నాకు ఫోను చెయ్యండి. రజియా.'

కింద తన నంబరు.

"కలిసింది అని రాయించేవు భాభీ," అంది నిలోఫర్ మెల్లగా. "కలిపేం అని కాదు."

సమీవుల్లా నేల చూస్తున్నాడు.

అన్న పెట్టిన పోస్టు తీసెయ్యనా అని నిలోఫర్ అడిగింది. అది చూసి నమ్మినవాళ్లుంటారు, వాళ్లకి అది అబద్ధమని అక్కడే తెలియాలి, అంది రజియా. దాని పైనే 'ఇది తప్పు, కింద రాసింది నమ్మొద్దు' అని పెట్టించింది. కామెంట్లు ఏవీ తీసెయ్యొద్దంది. తిట్టినవాళ్లకి జవాబు వద్దు, అడిగినవాళ్లకి మాత్రం వెంటనే చెప్పాలంది. మార్కెట్ స్నేహితుడు వేరే పేర్లతో తమ తరఫున పోట్లాడుతున్నాడని తెలిసి, అతనికి ఫోను చేసి ఆపమని చెప్పమంది మొగుడితో. సమీవుల్లా ఆ ఒక్క పనీ చేశాడు.

పోస్టు పడింది.

అయిదు నిమిషాలు ఏమీ జరగలేదు. ఆ అయిదు నిమిషాలే రజియాకి అన్నిటికన్నా భయంగా గడిచాయి. తర్వాత ఫోను ఆగకుండా మోగింది. నోటితో పలకలేని మాటలు వచ్చాయి. కొట్టు తగలబెడతామన్నారు. ఒకామె పేరు కూడా చెప్పకుండా ఏడ్చి పెట్టేసింది. ఇష్రత్ గోడ వైపు తిరిగి పడుకుంది.

మధ్యలో ఒక కామెంట్. మాడుగుల నుంచి. 'మా చెల్లికి ఇప్పుడే పెడుతున్నాం. మీది చూసి ఆపేశాం. కడిగేశాం.'

"మళ్లీ సదువు," అంది రజియా.

నిలోఫర్ మళ్లీ చదివింది. రజియా మూడోసారి అడగలేదు గాని ఆమె మొహం చూసి నిలోఫర్ తనే చదివింది.

కొన్నవాళ్లందరూ ఫోను చూస్తూ కూర్చోరు. ఆర్డర్ల నంబర్లు తీసి ఒక్కొక్కరికీ చేశారు. మొత్తం ముప్పై ఏడు మంది. పదకొండున్నరకి ఇరవై తొమ్మిది మంది దొరికారు. వాళ్లలో ఇద్దరికి అప్పటికే దురద మొదలైంది. ఇద్దరినీ ఆస్పత్రికి వెళ్లమని రజియా బతిమాలింది. మిగతా ఎనిమిది మందిలో అయిదుగురి ఫోన్లు కలవలేదు. ముగ్గురు ఎత్తడం లేదు. ఎత్తని మూడు నంబర్లనీ రజియా మార్చి మార్చి చేస్తూనే ఉంది.

అప్పుడే అచ్చియ్యమ్మ నుంచి ఫోను వచ్చింది.

"మీరు రాసింది పెళ్లికొడుకోళ్లు సూసేరు. ఆళ్లు నమ్మట్లేదు. డబ్బిచ్చి మేమే రాయించుకున్నామంటన్నారు. నువ్వు వచ్చి సెప్పాల. మీ ఆయన్ని కూడా తీసుకురా. సాయంత్రం లోపల తేల్చీయాలంటన్నాడు మేనమామ."

వెళ్తే కొడతారని సమీవుల్లా అన్నాడు. కొట్టొచ్చు, అంది రజియా. ఎత్తని ఆ మూడు నంబర్లూ నిలోఫర్‌కి అప్పగించి బురఖా వేసుకుంది. ఇష్రత్ లేచి కూర్చుని కొడుకుని చూసింది. వెళ్లమనలేదు. వద్దనలేదు. అతను చెప్పులేసుకున్నాడు.

దారిలో గోవాడ ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు అడ్డమొచ్చి ఆటో చాలాసేపు ఆగింది. రోడ్డు పక్కన కిళ్లీకొట్టు దగ్గర ఇద్దరు ఒకే ఫోను చూస్తూ నవ్వుకుంటున్నారు. తమనే చూసి నవ్వుతున్నారని రజియాకి అనిపించింది. మొహం పక్కకి తిప్పుకుంది.

"ఎవరు కలిపేరని అడుగుతారు," అన్నాడు సమీవుల్లా.

"అడుగుతారు."

"ఏటి సెప్తావు?"

"పేరు నాది కదా. నేనే అంటాను."

అతను ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది. వద్దంటాడనుకుంది. కనీసం ఎందుకని అడుగుతాడనుకుంది. ట్రాక్టర్లు జరిగాయి. ఆటో కదిలింది. అతను బయటికి చూస్తూనే ఉన్నాడు.

పెళ్లింటి ముందు పందిరి వేసి ఉంది. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఒక పక్కకి నెట్టేశారు. మైకుసెట్టు అబ్బాయిలు సామాను విప్పాలో ఉంచాలో తెలీక మెట్ల మీద కూర్చున్నారు. ఆటోవాడు వాళ్లని దింపి, ఆగమన్నా ఆగకుండా వెళ్లిపోయాడు.

పందిట్లో పాతికమంది ఉన్నారు. పెళ్లికూతురి తండ్రి బంగార్రాజు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. పెళ్లికొడుకు మేనమామ హరిబాబు తెల్లచొక్కా, చేతిలో ఫోను. ఆ ఫోను వాళ్లిద్దరి వైపు తిప్పి పట్టుకున్నాడు.

"ఇక్కడే నిలబడండి. గట్టిగా సెప్పండి. ఈ గుంటకి రోగం ఉన్నాదా లేదా?"

"లేదు బాబూ," అంది రజియా. "పొద్దున్న మా పేజీలో రాసింది అబద్ధం. ఆ కోను మాదే. రంగుపొడి కలిసింది."

"పొద్దున్న కోను మాది కాదన్నారు. ఇప్పుడు మాదే అంటన్నారు. ఏది నమ్మాల? కలిసింది అంటే గాలికి కలిసిందా? ఎవరు కలిపేరు?"

రజియా నోరు తెరిచింది.

అప్పుడు గుమ్మంలోకి సంధ్యారాణి వచ్చింది. వెనకాల రేవతి పట్టుకుని ఉంది. రెండు చేతులూ పల్చటి తెల్లగుడ్డ కింద ఉన్నాయి. వాటిని ఒంటికి తగలనియ్యకుండా ముందుకి చాపి నడుస్తోంది. రేవతి ఒక పక్క గుడ్డ ఎత్తింది. రజియా చూడకుండా ఉండాలనుకుంది. చూసింది. తీగలు, పువ్వులు, నెమలి, అన్నీ పేజీలో పెట్టిన తన డిజైన్లే. గీసిన గీత గీసినట్టు ఉబ్బి నీరు కారుతోంది.

"అక్కా," అంది సంధ్యారాణి రజియాతో. గొంతు బొంగురుపోయి ఉంది. "కలిపినపుడు ఇలగ అవుతాదని మీకు తెలుసా?"

నేనే కలిపేను అనడం తేలికే. దారి పొడుగునా ఆ మాటే మనసులో అనుకుంటూ వచ్చింది. కానీ సమీవుల్లాకి తెలుసో తెలీదో ఆమెకి తెలీదు. అడగాలని కూడా తోచలేదు ఇంతవరకూ.

ఆమె తిరిగి మొగుడి వైపు చూసింది. చూస్తూ నిలబడింది.

హరిబాబు ఫోను సమీవుల్లా మొహం మీదకి తిరిగింది. ఎవరో దగ్గారు.

"నానే కలిపేను," అన్నాడు సమీవుల్లా. "మా ఇంటావిడ ఊళ్లో లేదు. దానికి తెలీదు."

"నాను అడిగింది అది కాదు," అంది సంధ్యారాణి.

సమీవుల్లా తల దించుకుని చెప్పాడు.

"పేకెట్టు మీద రాసుంది. సర్మానికి తగలనియ్యొద్దని. సదివేను."

పొద్దున్న రజియాతో కొంచెమే కలిపేను అన్నాడు గాని, చదివేను అని అనలేదు. పదేళ్ల కాపురంలో ఇంతకు ముందు ఇంకేం చదివి ఊరుకున్నాడో అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచన పోలేదు.

ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ముందుకి దూసుకొచ్చారు. బంగార్రాజు లేచి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంతసేపటికి మొదటిసారి మాట్లాడాడు.

"ముట్టుకోకండి. మన ఇంట్లో పందిరున్నాది." సమీవుల్లా వైపు తిరిగాడు. "నీ మీద కేసు పెడతాను."

"పెట్టండి," అంది రజియా.

హరిబాబు ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు. ఇదంతా లైవులో వెళ్లిందని, మూడువేల మంది చూశారని ఎవరికో చెప్పాడు. రోగం కాదని తేలింది, సంతోషం, అన్నాడు. పెళ్లి మాట మాత్రం మా వాళ్లతో మాట్లాడి చెబుతానన్నాడు. అచ్చియ్యమ్మ అతని వెనకాల నాలుగడుగులు వేసి ఆగిపోయింది. సంధ్యారాణి అతను వెళ్లిన వైపు చూడలేదు. చేతులు చాపుకుని వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లిపోయింది.

రజియా చేతిలో ఫోను మోగింది. నిలోఫర్.

"భాభీ, వాకిట్లో జనం వచ్చేరు. తలుపు కొడతన్నారు."

"ఎవరు?"

"ఆడవాళ్లు. పదిహేను మంది దాకా ఉన్నారు. చేతుల్లో ఏటో పట్టుకున్నారు. కిటికీలోంచి సరిగ్గా కనపడట్లేదు. కొందరి వెనక మొగాళ్లు కూడా ఉన్నారు. అమ్మీ తియ్యొద్దంటంది."

తలుపు మీద దెబ్బలు ఫోనులో రజియాకి వినిపిస్తున్నాయి. గట్టిగా లేవు. ఆగడం లేదు. వెనక ఇష్రత్ ఏదో అంటోంది, ఏమిటో అర్థం కావడం లేదు.

సమీవుల్లా పందిరి బయట ఎండలో నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె అతని వైపు చూసింది. ఇక అతన్ని అడిగేది ఏమీ లేదు.

"తియ్యి," అంది.

"భాభీ, భయమేస్తంది."

"నాకూ భయంగానే ఉన్నాది. ఫోను పెట్టకు. నేను వింటన్నాను. తలుపు తియ్యి."

నిలోఫర్ అడుగులు వినిపించాయి. గడియ లాగిన చప్పుడు. తర్వాత ఒక్కసారిగా చాలా గొంతులు. రజియా రెండో చెవి మూసుకుంది. ఆ గొంతుల్లో కోన్లు అన్న మాట ఒక్కటే తెలిసింది; తిట్టడానికి వచ్చారో తిరిగివ్వడానికి వచ్చారో ఎంత విన్నా తెలియలేదు.